మెచ్చుకోలుతో ఖాయమైన దారి: నర్సింగ్ రెండో ఏడాది విద్యార్థిని కేసు

రిఫరల్ కాగితంలో కారణం దగ్గర "మోటివేషన్ తగ్గింది" అని మాత్రమే రాసి ఉంది. మొదటి ఏడాది క్లాసులో అందరికంటే ముందున్న అమ్మాయి. రెండో ఏడాది క్లినికల్ పోస్టింగ్ మొదలైన కొన్ని వారాలకే వార్డుకు ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. తర్వాత రావడమే మానేసింది, అసైన్‌మెంట్లు ఇవ్వలేదు. ట్యూటర్ పిలిచి మాట్లాడితే "బాగానే ఉన్నాను మేడమ్, వచ్చే వారం నుంచి తప్పకుండా వస్తాను" అందట. రాలేదు. అటెండెన్స్ నోటీసు వెళ్లాక నా దగ్గరికి పంపారు.

నేను యూనివర్సిటీలో విద్యార్థుల కౌన్సెలర్‌గా పనిచేస్తాను. ఈ కేసులో ఆ అమ్మాయి లోపల ఏం జరిగిందన్నది ఎంత ముఖ్యమో, యూనివర్సిటీ పెట్టిన ఫారాలు, మార్కులు, సన్మానాలు ఆమె పనిని ఎంత కష్టం చేశాయన్నదీ అంతే ముఖ్యం. ఐడెంటిటీ వికాసం అనగానే మనవాళ్లు వర్క్‌షాపో సెమినారో పెట్టేస్తారు. నా అనుభవంలో విద్యార్థి తానెవరో తేల్చుకోవడానికి ఎక్కువగా సాయపడేవీ, ఎక్కువగా అడ్డుపడేవీ రోజువారీ నిబంధనలే. ఇక్కడి వివరాలు ఏ ఒక్కరివీ కావు. ఒకేలాంటి ఇబ్బందితో వచ్చిన కొందరివి కలిపి, ఎవరూ పోల్చుకోలేనట్టు మార్చి రాశాను.

ముందు తీసేసిన కారణాలు

చదువులో ఇలా హఠాత్తుగా జారిపోయినవాళ్లు వస్తే ముందు డిప్రెషన్ గురించి చూడాలి. డిప్రెషన్ ఉందేమో అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి ఇచ్చాం. 9 ప్రశ్నలు, మొత్తం 27 మార్కుల స్కేలు. ఆమె స్కోరు స్వల్ప స్థాయిలోనే ఉంది. నిద్ర పాడైంది కానీ ఆకలి బాగుంది, చనిపోవాలన్న ఆలోచనలు లేవు. హెల్త్ సెంటర్‌లో రక్తపరీక్షలు మామూలుగానే వచ్చాయి. డబ్బు ఇబ్బంది లేదు, వార్డులో ఎవరూ వేధించడం లేదు. మాటల్లో ఒక విషయం తేలింది: సెలవు రోజుల్లో కూడా తేలికగా ఉండటం లేదు. పోస్టింగ్ లేని ఆదివారం ఉదయం కూడా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని "నాకు సరిపోయే ఉద్యోగం ఏది" అని చెప్పే ఆన్‌లైన్ టెస్టులు రాస్తూ ఉండేది. రాసిన ప్రతిసారీ వేరే జవాబు వచ్చేది.

ఎవరు నిర్ణయించారు?

ఆమెకు పద్నాలుగేళ్లప్పుడు తల్లికి పెద్ద జబ్బు చేసింది. తల్లి మంచం మీద ఉన్న కాలమంతా మందులు, డ్రెస్సింగ్, స్నానం అన్నీ ఈ అమ్మాయే చూసుకుంది. చూసిపోవడానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "నువ్వు నర్సు కావడానికే పుట్టావు." స్కూల్లో టీచర్లూ అదే అన్నారు. అడ్మిషన్ వ్యాసంలో ఆమె అదే రాసింది, చదివినవాళ్లు కదిలిపోయారు. మొదటి ఏడాది ఓపెన్ డేలో కొత్తగా చేరబోయేవాళ్లకు స్వాగతం చెప్పడానికి డిపార్ట్‌మెంట్ ఆమెనే ఎంచుకుంది. స్టేజీ మీద ఆ కథే చెప్పింది. వీడియో వెబ్‌సైట్‌లో పెట్టారు.

ఇందులో ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు, నన్ను ఆలోచనలో పడేసింది అదే. ఇంట్లోవాళ్లు పట్టుబట్టి చేర్పించిన విద్యార్థికి కనీసం ఎదురు తిరగడానికి ఒక మనిషి ఉంటాడు. మెచ్చుకోలుతో ఖాయమైన దారిలో ఆ మనిషి కూడా ఉండడు. ఎదురు తిరిగితే తనను ప్రేమించినవాళ్ల మాటనే కాదన్నట్టవుతుంది.

మొదటి పోస్టింగ్‌లోనే ఆమెకు అమ్మ వయసున్న, దాదాపు అదే జబ్బున్న రోగి పడింది. ఆవిడకు పక్క మారుస్తూ తనలో జాలి ఉందా అని చూసుకుంది. కనిపించలేదు. విసుగు, అలసట, డ్యూటీ ఎప్పుడైపోతుందా అన్న ఆలోచన మాత్రం ఉన్నాయి. వార్డులో ఏ సీనియర్ నర్సును అడిగినా అది అందరికీ అయ్యేదేనని రెండు నిమిషాల్లో చెప్పి ఉండేవారు. ఈమె అడగలేదు. ఓపెన్ డే వీడియోలో ఉన్న అమ్మాయి అలా ఎలా అడుగుతుంది? తన కథంతా అబద్ధమని తీర్మానించుకుంది.

ఇలాంటి సందర్భాల్లో నేను వాడేది మనస్తత్వవేత్త జేమ్స్ మార్షియా ఇంటర్వ్యూ పద్ధతి. ఐడెంటిటీ గురించి అంతకుముందు మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ చెప్పినవి లోతైన మాటలే కానీ కొలవడానికి లొంగవు. 1966లో మార్షియా వాటిని రెండు ప్రశ్నలకు దించాడు: ఈ మనిషి వేరే దారులు నిజంగా తరచి చూశాడా, దేనికైనా కట్టుబడ్డాడా? చూసి కట్టుబడితే అచీవ్‌మెంట్. చూస్తూ ఇంకా తేల్చుకోకపోతే మొరటోరియం. చూడకుండానే కట్టుబడితే ఫోర్‌క్లోజర్. రెండూ లేకపోతే డిఫ్యూజన్. ఆ ఇంటర్వ్యూలో వృత్తి గురించి ఒక ప్రశ్న ఉంటుంది: ఇంతకంటే మంచిదేదైనా ఎదురైతే దీన్ని వదులుకుంటావా? అచీవ్‌మెంట్‌లో ఉన్నవాళ్లు "వదిలితే వదలొచ్చు, కానీ నాకు ఇంతకంటే మంచిది ఏముంటుందో ఊహకు రావడం లేదు" అన్న ధోరణిలో మాట్లాడతారు. ఫోర్‌క్లోజర్‌లో ఉన్నవాళ్లు వదలనని కచ్చితంగా చెప్పి, ఇంట్లోవాళ్లకు కూడా ఇదే ఇష్టమని కలుపుతారు. డిఫ్యూజన్‌లో ఉన్నవాళ్లు వెంటనే మారిపోతామంటారు. మొరటోరియంలో ఉన్నవాళ్లు అది తెలిస్తే ఇక్కడిదాకా ఎందుకొస్తామన్నట్టు చూస్తారు.

అదే ప్రశ్న ఈమెను అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అందరికీ ఏం చెప్పాలి మేడమ్?" అంది.

అడిగింది వదులుతావా అని, ఆమె చెప్పిన జవాబు ఇంకెవరి గురించో. ఆ ఒక్క వాక్యంతో కేసు చాలావరకు అర్థమైంది. ఆమె ఫోర్‌క్లోజర్ నుంచి మొరటోరియంలోకి జారింది, కానీ ఆ జారడాన్ని పతనంగా లెక్కేసుకుంటోంది. యూనివర్సిటీ రికార్డుకూడా అలాగే లెక్కేసింది. అటెండెన్స్ పడిపోయింది, మార్కులు పడిపోయాయి, అదే మోటివేషన్ తగ్గడం. వికాసం వైపు నుంచి చూస్తే ఆమె మొదటిసారి సొంతంగా ఆలోచించడం మొదలుపెట్టింది. క్రోగర్, మార్టినుసెన్, మార్షియా 2010లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు మొరటోరియంలో ఉన్నవాళ్ల వాటా 19 ఏళ్ల దాకా పెరిగి తర్వాత తగ్గుతూ వచ్చింది. అంటే యూనివర్సిటీ విద్యార్థుల మీద అత్యంత నిలకడను ఆశించే రెండో ఏడాదిలోనే వాళ్ల ఐడెంటిటీ బాగా కదులుతూ ఉంటుంది. మన కేలెండర్ గీసినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ స్థితులు మనిషికి వేసే ముద్రలు కావు. ఒకే మనిషి ఒక్కో రంగంలో ఒక్కోచోట ఉంటాడు. ఈమె మతవిశ్వాసాల్లో ప్రశాంతంగా ఉంది, వాటిని తనే పరిశీలించుకుని నిలుపుకుంది. స్నేహాల్లో మాత్రం ఏమీ తేల్చుకోలేదు. హాస్టల్లో ఎవరికి జ్వరమొచ్చినా పిలిచేది ఈమెనే. తనకు అవసరమొచ్చినప్పుడు పిలవడానికి ఎవరున్నారో చెప్పలేకపోయింది.

వెతుకులాట ఎక్కడ చెడింది

"విద్యార్థిని అన్వేషించనివ్వండి" అన్న సలహా ఎంత మంచిదో అంత అసంపూర్ణం. బెల్జియంలో కోయెన్ లాయ్‌క్స్, ఆయన సహపరిశోధకులు 2008లో ప్రచురించిన నమూనాలో అన్వేషణను మూడు రకాలుగా విడదీశారు. వెడల్పుగా వెతకడం ఒకటి, ఎంచుకున్నదాన్ని లోతుగా పరిశీలించడం ఇంకొకటి. మూడోది రూమినేషన్‌తో కూడినది, అంటే దేనికీ తెగకుండా అవే ప్రశ్నల చుట్టూ తిరగడం. మొదటి రెండూ ఎదగడానికి పనికొస్తాయి. మూడోది దిగులుతో, ఆందోళనతో కలిసి నడుస్తుంది. బయటినుంచి చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి, విద్యార్థి ఆలోచిస్తున్నాడని సంతోషిస్తాం.

ఆన్‌లైన్ టెస్టులు మూడో రకానికి చెందినవి. ప్రతి టెస్టూ ప్రపంచంలో ఏ మనిషినీ కలవకుండా, ఏ పనీ చేయకుండా, తన గురించి తనే మళ్లీ అడుక్కునే ఏర్పాటు. కొత్త సమాచారం ఏదీ లోపలికి రాదు. వాటిని మానేయమన్నాను. మానేసినవాటి స్థానంలో పెట్టడానికి ఇంకేదో ఉండాలి కాబట్టి అసలు పని అక్కడ మొదలైంది.

ఏడాది సెలవు ఎందుకు వద్దన్నాను

డిపార్ట్‌మెంట్‌లో ఒక సీనియర్ అధ్యాపకురాలు ఎంతో మంచి మనసుతో ఒక ప్రతిపాదన పెట్టారు: "పిల్లకు ఒక ఏడాది సెలవిచ్చేద్దాం, ఆలోచించుకుని వస్తుంది." నేను ఒప్పుకోలేదు. రూమినేషన్‌లో ఉన్నవాళ్లకు ఖాళీ ఏడాది ఇస్తే ఆ ఏడాదంతా రూమినేషనే నిండుతుంది. ఇంటికి వెళ్తే చుట్టూ ఉండేది మళ్లీ అదే కథను మెచ్చుకునేవాళ్లే. పైగా ఆమె ఒక్కతే వెళ్తుంది, బ్యాచ్ ముందుకెళ్తుంది, తిరిగొచ్చేసరికి పరాయిదైపోతుంది. నాన్సీ ష్లాస్‌బర్గ్ 1989లో విద్యార్థుల గురించి రాసిన మాట ఇక్కడ పనికొస్తుంది: కొత్త పాత్రలోకి మారుతున్నవాళ్లు తాము ఎవరికైనా లెక్కలోకి వస్తున్నామా అన్నది అడుగడుగునా చూసుకుంటారు. ఆ జవాబు అప్పుడు అవునని ఉండాలి.

ఎరిక్సన్ చెప్పిన మొరటోరియం కూడా ఊరికే కూర్చునే కాలం కాదు. ఆయన యవ్వనంలో యూరప్‌లో చిత్రకారుడిగా తిరిగాడు, బొమ్మలు వేశాడు, తర్వాత వియన్నాలో పిల్లల స్కూల్లో పాఠం చెప్పాడు. అమెరికన్ పౌరుడయ్యేటప్పుడు ఇంటిపేరు కూడా తనే ఎంచుకున్నాడు. యూనివర్సిటీ డిగ్రీ అంటూ ఒకటి లేకుండానే హార్వర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. మన నియామక నిబంధనల ప్రకారం ఆయన్ను మా దగ్గర ట్యూటర్‌గా కూడా తీసుకోలేం.

సెలవు కొందరికి సరైనదే. జబ్బున్నవాళ్లకు, ఇంట్లో ఆపద వచ్చినవాళ్లకు, బయట చేయడానికి నిర్దిష్టమైన పని దొరికినవాళ్లకు నేనే సిఫారసు చేస్తాను. ఈమెకు అవసరమైంది పని భారం తగ్గించడం, కానీ పని మధ్యలోనే ఉంచడం. నెవిట్ శాన్‌ఫోర్డ్ 1960లలోనే సవాలూ అండా సరితూగాలన్నాడు. సవాలు మొత్తం తీసేస్తే అండ ఒక్కటే మనిషిని ఎదగనివ్వదు. వార్డు గంటలు అలాగే ఉంచి, ఒక థియరీ పేపర్‌ను తర్వాతి సెమిస్టర్‌కు జరిపాం. ఆ ఖాళీలో ఇంకేం పెట్టాలో ఆమెతో కలిసి రాసుకున్నాం.

అంతకు ముందు ఇంకో అడ్డంకి ఉంది. పేపర్ జరపడానికి, సెలవుకు, దేనికైనా వాడే ఫారంలో కారణాల దగ్గర ఉన్న గళ్లు ఇవి: ఆరోగ్యం, కుటుంబం, ఆర్థికం. పునరాలోచనకు గడి లేదు. గతంలో చాలామంది "ఆరోగ్యం" టిక్ చేసి మెడికల్ సర్టిఫికెట్ తెచ్చేవారు. జబ్బు లేని పిల్లకు జబ్బుందని రాయించడం చిన్న అబద్ధంగా కనిపిస్తుంది. తానెవరో వెతుక్కుంటున్న మనిషి చేత తొలి అడుగులోనే "నాకు జబ్బు" అని సంతకం పెట్టించడం నాకు మాత్రం చిన్న విషయం అనిపించలేదు. సర్టిఫికెట్‌కు నేను సిఫారసు చేయలేదు. రిజిస్ట్రార్ ఆఫీసులో డిప్యూటీ రిజిస్ట్రార్‌తో మాట్లాడి "ఇతర" అని చేత్తో రాసి పంపించాం. ఆయన ఒప్పుకోవడానికి పట్టిన సమయం, నేను విన్న విసుగు మాటలు ఇక్కడ అక్కర్లేదు.

చిన్న ఒప్పందాలు

ఆమెతో పెట్టుకున్న నియమాలు సూటిగా ఉన్నాయి. ఏ ప్రయత్నానికైనా ముగింపు తేదీ ఉండాలి. ఆ రోజు ఆమె రాకపోతే గమనించే మనిషి అవతల ఒకరు ఉండాలి. చేశాక ఒక పేజీ రాయాలి, అందులో "నాకు ఇది నచ్చిందా" అన్న ప్రశ్నకంటే ముందు "అక్కడ ఏం జరిగింది" అన్నది రాయాలి. నచ్చడం గురించి తొందరగా రాయించితే మళ్లీ టెస్టుల దారే.

మొదట ఆమె ఎంచుకున్నది సిమ్యులేషన్ ల్యాబ్‌లో, అంటే బొమ్మ రోగుల మీద పని నేర్చుకునే చోట, మొదటి ఏడాదివాళ్లకు సాయం చేయడం. ఇది విఫలమైంది. రెండు వారాల్లోనే పిల్లలంతా ఆమె చుట్టూ చేరారు, ఆమె మళ్లీ అందరి బాగోగులు చూసే అక్క అయిపోయింది. తనే వచ్చి చెప్పింది, "ఇది నేను ముందే చేస్తున్న పని, పేరు మార్చుకుంది." ఆ ప్రయత్నాన్ని తేదీ ప్రకారం ముగించాం. ముగింపు తేదీ లేకపోయి ఉంటే ఆమెకు వద్దనడం వచ్చేది కాదు, డిగ్రీ అయ్యేదాకా అదే చేసేది.

రెండోది స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఒక ప్రాథమిక కోర్సు. సగటు మార్కులే వచ్చాయి. మొదటి ఏడాది అన్నిట్లో ముందున్న అమ్మాయికి ఇది కొత్త. ఆశ్చర్యమేమిటంటే ఆ సగటు మార్కులు ఆమెను కుంగదీయలేదు. ఆ క్లాసులో ఆమె కథ ఎవరికీ తెలియదు, ఎవరూ ఏమీ ఆశించలేదు. యూనివర్సిటీలో విద్యార్థికి తన పేరు ముందే నిర్ణయమైపోని గది కనీసం ఒకటి దొరకాలని ఆ రోజుల్లోనే నాకు గట్టిగా అనిపించింది.

మూడోది క్లినికల్ ట్యూటర్ ఆలోచన. ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు వెంట కొన్ని వారాలు తిరగడం. చేతుల శుభ్రత ఆడిట్లు, క్యాథెటర్ ఇన్‌ఫెక్షన్ల లెక్కలు, ఏ వార్డులో కేసులు ఎందుకు పెరిగాయో చార్టులో వెతకడం. ట్యూటర్ ఆమెకు ఒక సంగతి చెప్పారట. లాంతరు పట్టుకుని రోగుల మధ్య తిరిగే నైటింగేల్ బొమ్మ అందరికీ తెలుసు. అదే నైటింగేల్ 1858లో క్రిమియా యుద్ధ మరణాలకు రంగుల చార్టులు గీసి, సైనికుల్లో ఎక్కువమంది గాయాలతో కాక నివారించగలిగే రోగాలతోనే చనిపోయారని ప్రభుత్వానికి చూపించింది. ఈ అమ్మాయికి నర్సు అంటే ఇంతకాలం ఒకటే రూపం: మంచం పక్కన జాలితో నిలబడే మనిషి. ఆ రూపంలో తాను ఇమడనంటే వృత్తిలోనే ఇమడనని అనుకుంది. మార్గం మారడానికి ఆమెకు కోర్సు మార్పు అక్కర్లేకపోయింది, అదే వృత్తిలో ఇంకో రకం మనిషిని దగ్గరనుంచి చూడటం సరిపోయింది. ఇది కెరీర్ గైడెన్స్ బ్రోచర్ చేయలేని పని.

జర్నల్‌కు మార్కులు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మా సంస్థ చేస్తున్న నష్టం నాకు బాగా కనిపించింది ఇక్కడే.

నర్సింగ్‌లో విద్యార్థులు రిఫ్లెక్టివ్ జర్నల్, అంటే వార్డులో తమ అనుభవాన్ని వెనక్కి తిరిగి చూసుకునే డైరీ, రాయాలి. చాలాచోట్ల గ్రాహమ్ గిబ్స్ 1988లో ఇచ్చిన చక్రమే వాడతారు: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాగాలేదు, ఎందుకు, ఏం తేలింది, ఈసారి ఏం చేస్తావు. చక్రంలో తప్పేం లేదు. మా దగ్గర ప్రతి మెట్టుకూ మార్కులుండేవి, "ఏమనిపించింది" అన్నదానికి కూడా. ఆమె జర్నల్ తెచ్చి చూపించింది. అన్నిట్లో అత్యధిక మార్కులే. చదివితే ఒక వరస కనిపించింది: మొదట కొంచెం భయం, తర్వాత రోగి మీద సానుభూతి, చివర్లో నేర్చుకున్న పాఠం. బ్యాచ్ మొత్తం ఇదే వరస వాడుతుందని, సీనియర్ల దగ్గర నుంచి వచ్చిందని చెప్పింది. పక్క మారుస్తూ విసుగొచ్చిన ఆ రోజు ఎంట్రీ కూడా ఉంది. అందులో విసుగు లేదు. సానుభూతి ఉంది, దానికి పూర్తి మార్కులున్నాయి.

మనిషి తన గురించి నిజంగా తెలుసుకోవడానికని పెట్టిన చోటులో, నచ్చే మనిషిలా నటించడాన్ని నేర్పిస్తున్నాం. దానికి ట్యూటర్లను తప్పుపట్టను, మార్కులు వేయడానికి వాళ్లకిచ్చిన రూబ్రిక్, అంటే కొలమానాల పట్టిక, అది. పరిశోధకురాలు మార్షా బ్యాక్స్టర్ మగోల్డా 1986లో అమెరికాలోని ఒక యూనివర్సిటీలో మొదలుపెట్టి అవే విద్యార్థులను ముప్పైల్లోకి వచ్చేదాకా ఇంటర్వ్యూ చేస్తూ వెళ్లింది. డిగ్రీ తీసుకునేటప్పటికి చాలామంది బయటివాళ్లిచ్చిన సూత్రాల మీదే నడుస్తున్నారని, సొంత గొంతు చాలామందికి ఆ తర్వాతే వచ్చిందని ఆమె చూపించింది. మా రూబ్రిక్ చదివాక నాకు అందులో ఆశ్చర్యమేం కనిపించలేదు.

ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌తో కూర్చున్నాం. కోఆర్డినేటర్ మొదటి అభ్యంతరం న్యాయమైనదే: విద్యార్థులు రిఫ్లెక్ట్ చేస్తున్నారనడానికి గుర్తింపు సంస్థకు ఆధారం చూపించాలి. ఆధారం అంటే రాశారనడానికే కానీ ఏమనిపించిందో దానికి మార్కు ఇవ్వాలని ఎక్కడా లేదని నిబంధన చదివి తేల్చుకున్నాం. కొత్త ఏర్పాటు ప్రకారం ఘటన వివరణకూ, క్లినికల్ ఆలోచనకూ మార్కులుంటాయి. భావాల భాగం వేరే కాగితం మీద రాస్తారు. ఇచ్చారా లేదా అన్నదే రికార్డవుతుంది. దాన్ని ఆ విద్యార్థికి మార్కులు వేయని వేరే వార్డు ట్యూటర్ చదువుతారు. రోగి భద్రతకు ప్రమాదమున్న విషయం కనిపిస్తే మాత్రం పైకి చెప్పాల్సి వస్తుందని ముందే విద్యార్థికి చెబుతారు. ఈ చివరి షరతు లేకుండా ఎవరూ ఇలాంటి ఏర్పాటు పెట్టకూడదు.

మొదటి మార్కుల్లేని పేజీలో ఆమె నాలుగు లైన్లే రాసింది. రోగి మీద కోపమొచ్చిందని, ఎందుకో తెలియదని. చదివిన ట్యూటర్ మార్జిన్‌లో రాసింది, "నాకూ వస్తుంది. నైట్ డ్యూటీ మూడో రోజు ఎక్కువ." నేను ఇన్ని వారాలు మాట్లాడిందంతా కలిపినా ఆ మార్జిన్ నోట్ చేసిన పని చేయలేదని నా నమ్మకం.

ఇంట్లో

ఆమె తండ్రి ఆఫీసుకు ఫోన్ చేశారు. విద్యార్థి అనుమతి లేకుండా ఏమీ చెప్పలేమని మర్యాదగా చెప్పి, ఫోన్ వచ్చిందని ఆమెకు తెలియజేశాం. ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో తనే నిర్ణయించుకుంది. ముందు నా దగ్గర ఒకసారి గట్టిగా అని చూసింది.

ఇంటికెళ్లి తల్లితో చెబితే తల్లి అన్న మాట ఆమె ఊహించలేదు: "నాకు చేసినందుకు నువ్వు నర్సువి కావాలని నేనెప్పుడన్నాను?" ఇది వినగానే బరువు దిగిపోయి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. అమ్మ అడగలేదు, నాన్న అడగలేదు, తనూ అడుక్కోలేదు. మరి ఇన్నేళ్లు ఎవరి కోసం? ఆ కోపం చాలా వారాలు ఉంది. దాన్ని తగ్గించడానికి నేను ప్రయత్నించలేదు. చిన్నప్పుడు తను చేసిన చాకిరీ ఎంత పెద్దదో, పొగడ్త లేకుండా ఆమె మొదటిసారి చెప్పింది ఆ వారాల్లోనే. పద్నాలుగేళ్ల పిల్ల చేయాల్సిన పని కాదది.

ఏడాది చివర

అటెండెన్స్ మామూలు స్థాయికి వచ్చింది. జరిపిన పేపర్ తర్వాతి సెమిస్టర్‌లో రాసి పాసయింది. వార్డు పనిలో ట్యూటర్ అంచనా "సంతృప్తికరం". ఇదివరకు "అద్భుతం" అని ఉండేది. నా లెక్కలో ఇది మెరుగుదల, ఎందుకంటే ఇప్పుడా మార్కు వచ్చింది నిజంగా చేసిన పనికి. మార్షియా ప్రశ్నను మళ్లీ అడిగాను. "ఏం దొరికిందో చూసి చెప్తాను. ముందు ఇది పూర్తి చేస్తాను, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ వైపు వెళ్లాలనుంది" అంది. జవాబులో ఈసారి వేరేవాళ్లు లేరు.

దీన్ని అచీవ్‌మెంట్ అని రాసేయను. మార్షియా, ఆయన సహచరులే తర్వాత చెప్పారు, మనిషి జీవితంలో మొరటోరియం, అచీవ్‌మెంట్ మళ్లీ మళ్లీ వస్తూ ఉంటాయని. స్నేహాల విషయం ఇంకా అలాగే ఉంది. హాస్టల్లో జ్వరమొస్తే ఇప్పటికీ ఆమెనే పిలుస్తున్నారు, ఆమె ఇప్పటికీ వెళ్తోంది. దాని గురించి మాట్లాడదామంటే ఇప్పుడు వద్దంది, సరేనన్నాను. ఆ ఏడాది ఓపెన్ డేకు మళ్లీ అడిగారు. మాట్లాడనని చెప్పి, పాత వీడియో తీసేయమని అభ్యర్థన ఇచ్చింది. తీసేశారు.

యూనివర్సిటీలో మారినవి, మారనివి

ఫారంలో ఇప్పుడు "విద్యాపరమైన పునరాలోచన" అన్న గడి ఉంది. సర్టిఫికెట్ అడగదు, సలహాదారుతో ఒక సమావేశం అడుగుతుంది, తిరిగొచ్చే సీటు ఖాయమని అదే కాగితం మీద రాసి ఉంటుంది. ఈ చివరి వాక్యం లేకపోతే ఆ గడిని ఎవరూ టిక్ చేయరు.

ఓపెన్ డేలో మొదటి ఏడాదివాళ్లచేత కథలు చెప్పించడం ఆపాం. చివరి ఏడాదివాళ్లు వచ్చి, ఇక్కడికొచ్చాక ఏ విషయంలో మనసు మార్చుకున్నారో మాట్లాడతారు. కొత్తగా చేరినవాళ్లకు సీనియర్ల సందేహాలు వినిపిస్తే మేలు జరుగుతుందని అమెరికన్ మనస్తత్వవేత్తలు గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో సైన్స్ పత్రికలో చూపించారు. సుమారు గంట పట్టే అభ్యాసంతో నల్లజాతి విద్యార్థుల మార్కులు తర్వాతి మూడేళ్లలో పెరిగి, తెల్లవారితో ఉన్న తేడా సగానికి తగ్గింది. అది చదివి గంట కార్యక్రమం పెట్టేసి చేతులు దులుపుకోవడం తేలిక. 2023లో 22 సంస్థల్లో, దాదాపు 27,000 మందితో ఇలాంటి అభ్యాసాన్నే పరీక్షించినప్పుడు, ఆ విద్యార్థులకు నిజంగా చోటిచ్చే వాతావరణం ఉన్నచోటనే అది పనిచేసింది. అందుకే మాటల కార్యక్రమాలను నేను ఎప్పుడూ ఫారాల తర్వాతే పెడతాను.

జర్నల్ ఏర్పాటు రెండు వార్డుల్లోనే ఉంది. మిగతా ట్యూటర్లు సమయం లేదంటున్నారు, అది నిజమే. చదివే పనిని వాళ్ల పనిగంటల్లో లెక్కించకుండా విస్తరించమని అడగడం అన్యాయం.

అసలు మారనిది వేరే డిపార్ట్‌మెంట్ కోర్సుల క్రెడిట్ సంగతి. ఆమె రాసిన స్టాటిస్టిక్స్ కోర్సు మార్కుల జాబితాలో ఉంది కానీ డిగ్రీ లెక్కలోకి రాలేదు. ఆ మార్కులను సగటులో కలపకుండా, పాస్ లేదా ఫెయిల్ అని మాత్రమే రాసి, డిగ్రీకి లెక్కించాలన్నది మా ప్రతిపాదన. సగటులో కలిపితే తెలియని విషయాన్ని ప్రయత్నించే ధైర్యం ఎవరికీ ఉండదు. లెక్కించకపోతే ఆ సమయం వృథా అనుకుంటారు. అకడమిక్ కౌన్సిల్‌లో ఒక ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ప్రమాణాలు పడిపోతాయని అభ్యంతరం చెప్పారు. ఏ ప్రమాణం, ఎలా పడిపోతుందో రాసి ఇవ్వమని అడిగాం. ప్రతిపాదన తర్వాతి సమావేశం అజెండాలో ఉంది.